ధర ఒక్కటే చూస్తే చాలదు: మనకు సరుకు ఇచ్చేవాళ్లకు మార్కుల కార్డు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కొనుగోలు కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



మన కారం, పచ్చళ్ల యూనిట్ లెక్కలు కోశాధికారి గారు ఇంతకు ముందే చదివి వినిపించారు. కాబట్టి మేము ఆ లెక్కల జోలికి పోము. ఆ కారంలో పడే మిరపకాయ ఎవరి చేలోంచి వస్తోంది, ఎవరి చేతుల మీదుగా వస్తోంది, అది ఇచ్చేవాళ్లను మనం ఎట్లా ఎంచుకుంటున్నాం అన్నది మేము చెప్తాం. ఈ ఏడాది నుంచి మనకు సరుకు ఇచ్చే ప్రతి ఒక్కరికీ మార్కుల కార్డు పెట్టాం. అది ఎందుకు పెట్టామో, ఎట్లా వేస్తామో, దాని వల్ల ఏం తంటాలు వచ్చాయో అన్నీ మీ ముందు పెడతాం.

మార్కులు మనకు కొత్త కాదు

అక్కా, ముందు ఒక్క మాట. మార్కులు వేయించుకోవడం మనకు బాగా అలవాటే. సంఘం పెట్టిన ఆరు నెలలకు బ్యాంకు వాళ్లు గ్రేడింగ్ వేశాకే కదా మనకు లింకేజీ అప్పు ఇచ్చింది. మీటింగులు క్రమంగా జరుగుతున్నాయా, పొదుపు కడుతున్నారా, లోపల అప్పులు ఇచ్చుకుంటున్నారా, తిరిగి కడుతున్నారా, పుస్తకాలు రాస్తున్నారా అని పంచసూత్రాలు పట్టుకుని అడిగారు. ‘ఏ’ గ్రేడు వస్తే సంబరపడ్డాం, ‘సి’ వస్తే ఎందుకొచ్చిందో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ గ్రేడింగ్ వల్లే మన పుస్తకాలు దారిలో పడ్డాయన్న మాట మీలో చాలామంది ఒప్పుకుంటారు.

ఇప్పుడు మనం కొనేవాళ్లం కూడా అయ్యాం. మిరపకాయలు, గానుగ నూనె, కల్లుప్పు, మామిడికాయలు, సీసాలు, కవర్లు, అట్టపెట్టెలు అన్నీ కొంటున్నాం. కొనేవాళ్ల చేతిలో ఒక బలం ఉంటుంది. ఆ బలాన్ని ధర తగ్గించమని అడగడానికి మాత్రమే వాడాలా, ఇంకా దేనికైనా వాడాలా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

పెద్ద కంపెనీలు ఈ పని ముందే మొదలుపెట్టాయి. షేర్ మార్కెట్‌లో ఉన్న వెయ్యి పెద్ద కంపెనీలు పర్యావరణం గురించి, పనివాళ్ల గురించి ఏటా రిపోర్టు ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి నిబంధన పెట్టింది. వాళ్లు తమకు సరుకు ఇచ్చేవాళ్లను అడుగుతారు, వాళ్లు తమ కింది వాళ్లను అడుగుతారు. రేపు మన కారం పెద్ద షాపులకు పోవాలంటే మనల్నీ అడుగుతారు. అప్పుడు తడుముకునే కంటే ఇప్పుడే మన లెక్క మనం పెట్టుకోవడం మేలు.

దీన్నే ఇంగ్లీషులో సస్టెయినబిలిటీ అంటారు, పుస్తకాల్లో సుస్థిరత అని రాస్తారు. మన మాటల్లో చెప్పాలంటే, వచ్చే ఏడూ ఆ పై ఏడూ కూడా పని ఆగకుండా సాగడం. నేల చచ్చిపోకూడదు. కూలికి వచ్చిన మనిషి మంచాన పడకూడదు. తిన్నవాళ్లకు జబ్బు రాకూడదు. ఇచ్చేవాడు, కొనేవాళ్లు ఇద్దరూ నిలబడాలి. ఇంతే.

తక్కువ ధర వెనకాల ఏముంటుంది

మిరపకాయ సంగతే తీసుకోండి. మనలో సగం మంది మిరప కోతకు పోయినవాళ్లమే, అందరికీ తెలిసిన సరుకే. క్వింటాకు నాలుగైదు వందలు తక్కువకు ఎవరైనా ఇస్తానంటే ముందు మనకు ఆశ పుడుతుంది. కానీ ఆ నాలుగైదు వందలు ఎక్కడి నుంచి తగ్గాయో చూడాలి.

ఒకటి, నీళ్ల నుంచి తగ్గవచ్చు. కాయ మీద నీళ్లు చల్లి తూకం పెంచే వాళ్లున్నారు. తడి ఎక్కువున్న కాయకు బూజు పడుతుంది. ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కంటికి కనపడదు, మర పట్టినా పోదు, వంటలో మామూలుగా ఉడికించినా పోదు. ఎక్కువ కాలం ఒంట్లోకి పోతే కాలేయం దెబ్బతింటుంది. మసాలా దినుసుల్లో అది కిలోకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా సంస్థ లెక్క పెట్టింది.

రెండు, రంగు నుంచి తగ్గవచ్చు. తాలు కాయలు ఎక్కువ కలిపి, రంగు వేసి ఎర్రగా చూపిస్తారు. సుడాన్ అనే రంగు ఉంది. అది మైనానికి, నూనెలకు, పాలిష్‌లకు వేసే రంగు, తిండికి నిషేధం. 2003లో మన దేశం నుంచి పోయిన మిరప సరుకులో ఆ రంగు ఉందని ఫ్రాన్సులో పట్టుకున్నారు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వేసిన కారంపొడిలో అదే రంగు బయటపడింది. ఆ సాస్ వేసి చేసిన వందల రకాల తినుబండారాలను షాపుల్లోంచి వెనక్కి తెప్పించారు. ఎక్కడో ఒకచోట ఒకడు కలిపిన రంగు, చేతులు మారి మారి అన్ని వందల పొట్లాల్లోకి పోయింది. మధ్యలో కొన్నవాళ్లలో ఎవ్వరూ వెనక్కి తిరిగి ‘ఇది ఎక్కడిది’ అని గట్టిగా అడగలేదన్న మాట.

మూడు, కూలి నుంచి తగ్గవచ్చు. కాయ కోసేది ఆడవాళ్లు, ముచ్చికలు తీసేది ఆడవాళ్లు. ఆ ఘాటుకు దగ్గు, తుమ్ములు, కళ్ల మంట, రాత్రికి చేతులు భగభగమంటాయి. కిలో లెక్కన కూలి, మంచినీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది, అయినా మగవాళ్లకో కూలి, ఆడవాళ్లకో కూలి నడుస్తున్న చోట్లు మనకు తెలియనివి కావు. ఆ మిగిలిన డబ్బే మనకు తగ్గింపుగా వస్తోందంటే, మన అక్కచెల్లెళ్ల కూలి కోసి మనం లాభం రాసుకుంటున్నట్టే.

నాలుగు, నేల నుంచి తగ్గవచ్చు. పంట దండిగా రావాలని వారానికోసారి మందు కొడితే ఆ ఏడు దిగుబడి వస్తుంది, ఖర్చు రైతు నెత్తిన, విషం నేలలో, నీళ్లలో మిగిలిపోతుంది.

అందుకే ధర ఒక్కటే చూస్తే చాలదని కార్డు పెట్టాం.

కార్డులో ఏముంది

మొత్తం వంద మార్కులు, అయిదు గడులు.

మొదటి గడి సరుకు మంచితనం, 25 మార్కులు. కాయ ఊపితే గింజ గలగలమనాలి. గుప్పిట్లో నలిపితే పెళుసుగా విరగాలి, మెత్తగా వంగితే తడి ఉన్నట్టు. కళ్లంలో కాయను వట్టి నేల మీద ఆరబోశారా, టార్పాలిన్ పట్టల మీద ఆరబోశారా చూడాలి. పొడి అయితే గ్లాసు నీళ్లలో చల్లి చూస్తాం. రంగు గీతలు గీతలుగా కిందికి దిగితే అనుమానం, ఇటుక పొడి ఉంటే అడుగున చేరుతుంది. ఇది ఇంట్లో చేసే పరీక్ష మాత్రమే. అనుమానం వస్తే ల్యాబ్‌కు పంపడమే. బూజు విషం సంగతి ల్యాబ్‌లో తప్ప తేలదు.

రెండో గడి నేల, నీరు, 20 మార్కులు. రైతు ఇంటి దగ్గర మందు డబ్బాలు చూపించమని అడుగుతాం. డబ్బా మీద మూలన నిలబెట్టిన పలక లాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే ఎక్కువ విషం, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చయితే కొంచెం తక్కువ. చదువు రాని అక్క కూడా రంగు చూసి మార్కు వేయగలదు. ఆఖరిసారి మందు కొట్టిన రోజుకీ కోతకీ మధ్య ఎన్ని రోజులున్నాయో అడుగుతాం. చేను చుట్టూ జొన్న, మధ్యలో బంతి వేశారా, జీవామృతం, నీమాస్త్రం వాడుతున్నారా, ఖాళీ డబ్బాలు కాలవలో పడేస్తున్నారా అన్నవి కూడా ఇందులోవే.

మూడో గడి పనివాళ్లు, 25 మార్కులు. కూలి ఎంతో అందరికీ తెలిసేట్టు చెప్పారా, ఆడా మగా తేడా ఉందా, వారం వారం ఇస్తున్నారా, నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్నాయా, ముక్కుకు గుడ్డ ఇస్తున్నారా. మందు కొట్టే మనిషికి చేతి తొడుగులు ఉన్నాయా.

నాలుగో గడి చెత్త, ప్యాకింగ్, 10 మార్కులు. ఇది కవర్లు, సీసాలు ఇచ్చేవాళ్లకు బాగా పనికొస్తుంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ చేతి సంచులు చట్ట ప్రకారం చెల్లవు. సంచి మీద మందం, తయారుచేసినవాళ్ల పేరు ముద్ర ఉండాలి. అది లేని సంచి మన షాపులోకి రాకూడదు.

అయిదో గడి మాట, తూకం, లెక్క, 20 మార్కులు. చెప్పిన రోజుకు సరుకు వస్తోందా, కాటాకు తూనికల శాఖ వాళ్ల ముద్ర తాజాగా ఉందా, తరుగు పేరుతో రైతు దగ్గర ఎంత కోస్తున్నాడు, ఏ టిక్కీ ఏ రైతుదో చీటీ కట్టి ఉందా. ఈ చీటీ చాలా ముఖ్యం. రేపు ఒక పొట్లంలో తేడా వస్తే ఏ కళ్లం దాకా పోవాలో ఆ చీటీయే చెప్తుంది.

ఇవి కాక గీత దాటకూడని విషయాలు మూడున్నాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడం, నిషేధించిన రంగు కలపడం, నిషేధించిన మందు కొట్టడం. మిగతా గడుల్లో వందకు తొంభై వచ్చినా సరే, ఈ మూడింట్లో ఒక్కటి తేలితే కొనుగోలు ఆగిపోతుంది. పిల్లల పనిని కాటా ముద్రతో సరిపెట్టే లెక్క మన కార్డులో లేదు.

70 పైన వస్తే ‘ఏ’. 50 నుంచి 70 దాకా ‘బి’, అంటే కొంటాం కానీ ఏం మార్చాలో రాసి ఇస్తాం. 50 లోపు ‘సి’, ఒక సీజను గడువు ఇస్తాం, కొనే సరుకు తగ్గిస్తాం.

కాగితం చూసి వేసే మార్కు మార్కు కాదు

మార్కులు ఎవరు వేస్తారు అన్నది కార్డు కంటే పెద్ద సంగతి. ముగ్గురు వేస్తారు. ముగ్గురూ వేరే వేరే ఊళ్ల వాళ్లు. సరుకు ఇచ్చేవాళ్లకు చుట్టరికం ఉన్నవాళ్లు ఆ కార్డు పట్టకూడదు. సీజనులో రెండుసార్లు పోవాలి, అందులో ఒకసారి చెప్పకుండా పోవాలి. కూలీలతో మాట్లాడేటప్పుడు యజమాని పక్కన ఉండకూడదు. ప్రతి మార్కు పక్కన ‘చూశాం’, ‘విన్నాం’, ‘కాగితం’ అని మూడింట్లో ఒకటి రాయాలి. ఒట్టి కాగితం మీద వేసిన మార్కులు ఆ గడిలో సగం దాటకూడదు.

ఇంత గట్టిగా ఎందుకంటే ఒక సంగతి చెప్తాం. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్ అనే ఊళ్లో రానా ప్లాజా అని ఎనిమిది అంతస్తుల భవనం ఉండేది. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. 2013 ఏప్రిల్ 23న గోడలు పగుళ్లిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు వాళ్లు, షాపుల వాళ్లు మూసేసి వెళ్లిపోయారు. కుట్టుపని వాళ్లను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. ఏప్రిల్ 24 పొద్దున భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఆడవాళ్లే. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకు అంతకు ముందే తనిఖీలు జరిగాయి, రిపోర్టులు ఉన్నాయి. కానీ భవనం గట్టిదా కాదా అన్నది ఆ తనిఖీలు చూడలేదు. పగుళ్లు చూసినవాళ్లు లోపల పనిచేసే ఆడవాళ్లే, వాళ్ల మాట వినే గడి ఏ కార్డులోనూ లేదు. అందుకే మన కార్డులో ‘విన్నాం’ అన్న మాట పెట్టాం.

ఇద్దరి కార్డులు

పేర్లు వద్దు గానీ రెండు కార్డుల గురించి చెప్పాలి.

ఒకటి కౌలు రైతు అక్కది. రెండెకరాల్లో మిరప వేసింది. ఆమె దగ్గర పాస్‌బుక్ లేదు, బిల్లులు లేవు, ఏ సర్టిఫికెట్టూ లేదు. పెద్ద కంపెనీల కార్డు అయితే ఆమెకు పదిహేను మార్కులు కూడా రావు. కానీ చేలోకి పోతే చుట్టూ జొన్న, పసుపు రంగు జిగురు పళ్లాలు, కాయంతా పట్టల మీద ఆరుతోంది, కూలికి వచ్చినవాళ్లు ఆమె సంఘం వాళ్లే. చూసి, విని వేసిన మార్కులతో ఆమెకు ‘ఏ’ వచ్చింది. లెక్క గడిలో మాత్రం తగ్గింది. అందుకని గ్రామ సమాఖ్య బుక్ కీపర్ ఆమెకు ఒక నోటుపుస్తకం పెట్టి, మందు ఎప్పుడు కొట్టిందీ, కోత ఎప్పుడు కోసిందీ రాసి ఇస్తోంది. కార్డు వల్ల చిన్నవాళ్లు పోయి ఫైళ్లు ఉన్న పెద్దవాళ్లు మిగిలితే అది మన కార్డు కాదు, వాళ్ల కార్డు అయిపోతుంది.

రెండోది మనకు ఎన్నాళ్లుగానో కాయ ఇస్తున్న ఒక వ్యాపారిది. బ్యాంకు లోను ఆలస్యమైన ఏడాది ఆయనే మనకు అరువు మీద సరుకు ఇచ్చాడు. ఆ మాట మరిచిపోకూడదు. ఆయన ఫైలు బ్రహ్మాండంగా ఉంది, సరుకూ మంచిదే. కానీ ముచ్చికలు తీసే షెడ్డులో గాలి లేదు, మరుగుదొడ్డి లేదు, కూలి కిలోకు ఎంతో వారం చివర దాకా ఎవరికీ తెలియదు. పనివాళ్ల గడిలో 25కు 6 వచ్చాయి. మొత్తం కలిపితే 48. అంటే ‘సి’.

ఆ కార్డు పాలకవర్గంలో పెట్టినప్పుడు పెద్ద చర్చే జరిగింది. ‘కష్టంలో ఆదుకున్నవాడికి ఇదా మనం చేసేది’ అని ఒకరన్నారు. ‘నియమం అంటే అందరికీ నియమమే’ అని ఇంకొకరన్నారు. అప్పుడు ఆ షెడ్డులోనే పనిచేసే మన సభ్యురాలు ఒకామె లేచింది. ‘అక్కా, మీరు ఆయన దగ్గర కొనడం మానేస్తే ముందు పోయేది మా కూలే. షెడ్డు బాగుపడాలని ఉంది గానీ మూతపడాలని లేదు’ అంది. ఆ మాటకు అందరం ఊరుకున్నాం.

అందుకే సగం సరుకే కొనాలని, మిగతా సగం ఆయన మారేదాన్ని బట్టి అని నిర్ణయం చేశాం. ముగ్గురం పోయి కార్డు ఆయన చేతికే ఇచ్చి, ఒక్కో గడి చదివి వినిపించాం. ముందు కోపం వచ్చింది. ‘ఇన్నేళ్లలో ఏ కొనేవాడూ నన్ను ఇట్లా అడగలేదు’ అన్నాడు. పదిరోజుల తర్వాత ఆయనే కబురు పంపాడు. ఇప్పుడు షెడ్డుకు రెండు వైపులా కిటికీలు తీయించాడు, కూలి రేటు పలక మీద రాసి పెడుతున్నాడు, మంచినీళ్ల డ్రమ్ము పెట్టాడు. మరుగుదొడ్డి ఇంకా కట్టలేదు. రెండోసారి కార్డులో 61 వచ్చాయి. ‘బి’. మిగతా సగం సరుకు సంగతి మరుగుదొడ్డి తయారయ్యాకే.

మనకూ ఒక కార్డు

ఇంకొక్క మాట, ఇది అందరూ గట్టిగా పట్టుకోవాలి. మనం ధర నొక్కేసి, డబ్బు ఆలస్యం చేసి, కూలీలకు ఎక్కువివ్వమని వ్యాపారికి చెప్తే ఆ మాటకు విలువ ఉండదు. మనం నొక్కితే ఆయన నొక్కేది కింద ఉన్న ఆడకూలీనే. అందుకని కార్డు వెనక వైపు మనకు మార్కులు వేసే గడి పెట్టాం. అది సరుకు ఇచ్చేవాళ్లు వేస్తారు. డబ్బు ఎన్ని రోజులకు ఇచ్చాం, తూకంలో పేచీ పెట్టామా, ఆర్డరు ఇచ్చి మధ్యలో మార్చామా. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు 45 రోజుల లోపు డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెప్తోంది. రైతుకు అన్ని రోజులు కుదరవు, కౌలు, అప్పు నెత్తిన ఉంటాయి. రైతుకు 15 రోజులు, మిగతావాళ్లకు 45 రోజులు అని మనం మన మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

ఇంకా, మంచి మార్కులు వచ్చినవాళ్లకు మన వైపు నుంచి ఏదో ఒకటి అందాలి. ‘ఏ’ వచ్చినవాళ్ల దగ్గర ముందు కొంటాం, సీజను మొదట్లోనే ఎంత కొంటామో మాట ఇస్తాం, టార్పాలిన్ పట్టలకు సమాఖ్య నుంచి చిన్న అప్పు ఇస్తాం. ఊరికే మార్కులు వేసి వస్తే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది తప్ప, ఎవరూ మారరు.

ఈ ఏడాది చేయాల్సినవి

గ్రామ సమాఖ్యలకు మా విన్నపాలు నాలుగు. ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరిని కార్డు వేయడానికి పంపండి, వాళ్లలో ఒకరు కూలికి పోయే అక్క అయి ఉండాలి. రెండు, కోతలు మొదలయ్యే ముందే మీ ఊళ్లో మిరప వేసిన కౌలు రైతుల పేర్లు ఇవ్వండి, సంతకానికి వెనకాడే ఆడవాళ్ల పేర్లు ముందు రాయండి. మూడు, ఏ షెడ్డులోనైనా, ఏ చేలోనైనా పిల్లలు పనిచేస్తూ కనపడితే అదే రోజు కమిటీకి చెప్పండి, మీ పేరు బయటకు రాదు. నాలుగు, కార్డులన్నీ సమాఖ్య ఆఫీసులో బీరువాలో దాచకుండా గోడకు పెడతాం, వచ్చినప్పుడు చదవండి, తప్పనిపిస్తే అడగండి.

మొదటి ఏడాది కాబట్టి కల్లుప్పు, సీసాలు ఇచ్చేవాళ్ల కార్డులు ఇంకా వేయలేదు. ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్ల కాళ్లు ఎట్లా ఉంటాయో చూసినవాళ్లు మనలో ఉన్నారు. వచ్చే ఏడాది అక్కడికీ పోతాం.

కార్డు వల్ల ఈ ఏడాది మన కొనుగోలు ధర కొంచెం పెరిగింది, ఆ సంగతి కోశాధికారి గారి లెక్కల్లో మీరు చూశారు. అది పెరిగింది ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది కాబట్టి, ఇట్లాగే కొనసాగించాలా వద్దా అన్నది మీరే తేల్చాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక దీని మీద తీర్మానం పెడుతున్నాం. ఎవరూ ముందే వెళ్లిపోకుండా ఉండి, చేతులెత్తి మీ మాట చెప్పాలని కోరుతున్నాం.